విశ్రాంతిలోనూ పనిచేసే నాడీకణం

ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం

ఉపకార వేతనాలు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులకు అభినందనలు.

మీలో కొందరు కన్నడంలో, కొందరు తమిళంలో, మరికొందరు ఒడియాలో, మరాఠీలో చదువుతున్నారు. జీవశాస్త్రంలో చాలామందికి కొరుకుడుపడని ఒక పాఠాన్ని ఈ రోజు ఇంటి భాషలో చెబుతాను.

నాడీకణానికి ముఖ్యంగా మూడు భాగాలు. కేంద్రకం ఉండే కణదేహం, కబుర్లు అందుకునే కొమ్మల వంటి డెండ్రైట్లు, కబురును దూరానికి మోసే ఆక్సాన్. వెన్నుపాము దిగువ నుంచి పాదం దాకా సాగే ఆక్సాన్ దాదాపు మీటరు పొడవు ఉంటుంది.

కబురేదీ పంపనప్పుడు కణం లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు రుణాత్మకంగా ఉంటుంది. ఇదే విశ్రాంతి పొటెన్షియల్. ఇది ఎలా వస్తుందని అడిగితే చాలామంది "సోడియం-పొటాషియం పంపు వల్ల" అని రాసేస్తారు. అది సగం జవాబే.

కణం లోపల పొటాషియం అయాన్లు బయటికంటే సుమారు 30 రెట్లు ఎక్కువ. సోడియం అయాన్లు బయట సుమారు 10 రెట్లు ఎక్కువ. విశ్రాంతిలో త్వచంలో తెరిచి ఉండే దారులు ఎక్కువగా పొటాషియానివే. అది ధనావేశాన్ని వెంటబెట్టుకుని బయటికి జారుతుంది. రుణావేశమున్న పెద్ద ప్రోటీన్లు బయటికి పోలేవు. అందుకే లోపలి వైపు రుణాత్మకమవుతుంది. ఆ రుణావేశం పొటాషియాన్ని మళ్ళీ వెనక్కి లాగుతుంది. ఈ రెండూ ఇంచుమించు సరితూగే చోట పొటెన్షియల్ నిలుస్తుంది.

అయినా పొటాషియం కొంత బయటికి, సోడియం కొంత లోపలికి కారుతూనే ఉంటాయి. మిద్దె మీది ట్యాంకు కారుతుంటే మోటారు వేసి నింపుతాం కదా! పంపు చేసేదీ అదే. ఒక్కో ఏటీపీ అణువు ఖర్చుతో 3 సోడియం అయాన్లను బయటికి, 2 పొటాషియం అయాన్లను లోపలికి చేరుస్తుంది. ఈ పంపును 1957లో పీత నరాలలో గుర్తించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

తల్లిదండ్రులకు ఒక మాట. మెదడు మన బరువులో 2 శాతమే అయినా, శక్తిలో దాదాపు 20 శాతం వాడుకుంటుంది. అందులో పెద్ద వాటా ఈ పంపులదే. మెదడులో రక్తనాళం మూసుకుపోతే నిమిషాల్లో ఏటీపీ తరిగి, పంపులు ఆగి, కణాలు ఉబ్బి చనిపోతాయి. ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నారు. సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివారు. ఆయన అమెరికా చదువుకు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండగా నిలిచింది. ఈ రోజు మీ చేతికి అందుతున్నదీ అటువంటి చేయూతే. సద్వినియోగం చేసుకోండి.