ముల్లు సున్నా మీద ఉందా?

శాలువా అయింది, దండ అయింది, మన మేస్త్రుల సంఘం అధ్యక్షుల వారు నా గురించి చెప్పాల్సిన దానికంటే ఎక్కువే చెప్పారు. ఇక పనిలోకి దిగుదాం. టర్బో బండిలో బూస్ట్ గేజీ తప్పు చూపిస్తూ, ఐడ్లింగ్ నిలకడ లేకుండా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నారు. మూడు విషయాలు చెబుతాను. గేజీని నమ్మొచ్చో లేదో తేల్చుకోవడం ఒకటి, గాలి ఎక్కడ పోతోందో పట్టుకోవడం రెండు, ఇంజిన్ మీదే ఉండే మిగతా కారణాలు మూడు.

మొదటిదానికే వస్తున్నాను. కానీ ఇక్కడ విశ్వకర్మ పటం పక్కన కాటన్ దొర పటం కూడా పెట్టారు. ఎవరికి తట్టిందో గానీ వారికి నా దండం. ఆ పటం ఎదురుగా పెట్టుకుని ఆయన పేరెత్తకుండా గేజీ గురించి మాట్లాడటం నావల్ల కాదు. 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్టను 1852కల్లా పూర్తి చేశాడాయన. వీణెం వీరన్న గారు పక్కన నిలబడి పని నడిపించారు. వీరన్న గారి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడిగితే నాకు బాధే మిగులుతుంది. మనం తినే ప్రతి ముద్దా ఆ ఇద్దరి చలవ.

ఆనకట్ట దగ్గర చూడాల్సింది నీళ్ళొక్కటే కాదు, గేజీ కూడా. శ్రావణ భాద్రపదాల్లో మన ఊళ్ళలో పలకరింపే మారిపోతుంది కదా! "బాగున్నారా" అనేది పోయి "భద్రాచలం దగ్గర ఎంతుందంట" అంటాం. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గరకొచ్చేసరికి అవే హెచ్చరికలు 11.75కి, 13.75కి, 17.75కి ఇస్తారు. అదే గోదావరి, అదే వరద. అక్కడ 53, ఇక్కడ 17.75. ఈ రెండు గేజీల్లో ఒకటి పాడైందని ఎవరైనా అంటారా? అనరు. ఏ గేజీ సున్నా దానిదేనని లంకల్లో బడి మొహం చూడని వాళ్ళకు కూడా తెలుసు. ఇంకో సంగతి కూడా వాళ్ళకు తెలుసు. అంకె చెబితే ఊరుకోరు. "పెరుగుతోందా, నిలకడగా ఉందా, తీస్తోందా" అని అడుగుతారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన వరద చూసినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. తట్టాబుట్టా, పశువులు, పిల్లలు... ఎప్పుడు కదలాలో నిర్ణయించింది ఆ ప్రశ్నే. 2022 జూలైలో 71.3 దాకా వచ్చినప్పుడు చేతిలో ఫోన్లున్నా, అడిగింది మళ్ళీ అదే.

ఇంత చదువు మన రక్తంలో ఉండగా బూస్ట్ గేజీ చదవడానికి మనకు భయమెందుకు?

బూస్ట్ గేజీకి సున్నా అంటే బయటి గాలి ఒత్తిడి. స్కానర్ పెడితే మ్యాప్ సెన్సర్ చూపించే అంకెకు సున్నా అంటే అసలు గాలే లేని చోటు. అందుకే బండి స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి చూస్తే స్కానర్ 100 లేదా 101 కిలోపాస్కల్ అంటుంది, గేజీ సున్నా అంటుంది. రెండూ నిజమే. ఒకటి భద్రాచలం, ఇంకొకటి ధవళేశ్వరం. మన రాజమండ్రి సముద్ర మట్టానికి ఎంతో ఎత్తున లేదు కాబట్టి ఇక్కడ 100కు అటూ ఇటుగా వస్తుంది. అదే బండి అరకు ఎక్కితే 90 దగ్గరకు దిగుతుంది, అప్పుడు సెన్సర్ పోయిందని మార్చకండి. ఇంజిన్ ఆగి ఉండగా గేజీ ముల్లు సున్నా మీద లేకపోతే ముందు గేజీ సంగతి తేల్చండి. చేతి వాక్యూమ్ పంపుతో 20 అంగుళాలు లాగి వదలకుండా పట్టుకోండి. ముల్లు అక్కడే నిలబడిందా, గేజీ మంచిది. దిగజారిందా, గేజీలో గానీ దాని పైపులో గానీ లీకుంది.

ఈ మధ్య మన షెడ్లలో ముల్లు వంక చూసేవాడు తగ్గిపోయాడు. స్కానర్ పెడతారు, కోడ్ పడలేదంటారు, బండి బాగానే ఉందని పంపేస్తారు. కోడ్ పడితే ఆ పార్టు మార్చేస్తారు. స్కానర్ చెడ్డదని నేను అనను, నా షెడ్డులోనూ ఉంది. కానీ చెవి, చెయ్యి, ముల్లు పక్కన పెట్టి దాన్నొక్కదాన్నే నమ్మడం చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. టర్బో కొత్త విద్య, మనకు అంతుపట్టదు అనే మాట కూడా వద్దు. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి దానికి పేటెంటు తీసుకున్నది 1905లో.

రెండో విషయానికి ఒక బండి చాలు. అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకాయన టర్బో పెట్రోల్ కారు తెచ్చారు. కొన్నాక ముచ్చటపడి బూస్ట్ గేజీ పెట్టించుకున్నారు. ఐడ్లింగ్ 700 నుంచి 1200 దాకా ఊగుతోంది, ఏసీ వేస్తే ఆగిపోతోంది. అప్పటికే వేరేచోట ప్లగ్గులు, కాయిళ్ళు మార్చేశారు, థ్రాటిల్ బాడీ కడిగేశారు. "ఇంకేం మార్చాలండీ?" అన్నారాయన. "ఏదీ మార్చకండి, ముందు కూర్చోండి" అన్నాను.

ఇంజిన్ ఆగి ఉండగా ముల్లు సున్నా మీదే ఉంది. స్టార్ట్ చేశాక మంచి పెట్రోల్ ఇంజిన్ అయితే సున్నాకి కింద 18, 20 అంగుళాల దగ్గర కదలకుండా నిలబడాలి. ఇది 12 దగ్గర వణుకుతోంది. రోడ్డు మీదకు తీసుకెళ్ళి రేస్ ఇస్తే గేజీ 6 పీఎస్ఐ చూపించింది. అదే క్షణంలో స్కానర్‌లో 170 కిలోపాస్కల్. అందులోంచి బయటి గాలి 101 తీసేస్తే మిగిలేది 69, అంటే 10 పీఎస్ఐ. ఇంజిన్‌కు 10 అందుతోంటే గేజీకి 6 ఎందుకు చేరుతోంది? దారిలో పోతోంది కాబట్టి. షెడ్డుకొచ్చి ప్లయర్లకు గుడ్డ చుట్టి, మానిఫోల్డ్ దగ్గర టీలోంచి గేజీకి వెళ్ళే పైపును నొక్కిపట్టాను. ఊగుతున్న ఇంజిన్ అక్కడికక్కడే నిలకడకొచ్చింది. ఆ పైపు వెంట వెళ్తే బ్యాటరీ వెనక ఎలుక పళ్ళ గాట్లు రెండున్నాయి. మడిచి చూస్తేనే నోరు తెరుస్తున్నాయి, లేకపోతే కనబడవు. కోతలై పొలం ఖాళీ కాగానే ఎలుకలు ఇళ్ళమీదా బండ్లమీదా పడతాయి. మన డెల్టాలో ఆ రోజుల్లో ఏ బండి వచ్చినా ముందు పైపులు తడమండి.

గాటు ఒకటే, రోగాలు రెండు. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ గాలి లాక్కుంటుంది కాబట్టి ఆ గాటులోంచి లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది. మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఆ గాలిని చూడలేదు, కంప్యూటర్ దానికి తగిన పెట్రోలు ఇవ్వలేదు, సరిదిద్దబోయి ఇంజిన్‌ను ఊపేస్తుంది. బూస్ట్ ఎక్కాక అదే గాటులోంచి గాలి బయటికి తన్నుతుంది, గేజీ తక్కువ చూపిస్తుంది. మ్యాప్ సెన్సర్ మీదే నడిచే బండ్లలో ఊగడం కంటే ఐడ్లింగ్ పైకి లేవడం ఎక్కువగా కనబడుతుంది. డీజిల్ మాట కూడా చెప్పేస్తాను. చాలా డీజిల్ ఇంజిన్లలో గాలికి అడ్డం ఉండదు కాబట్టి ఐడ్లింగ్‌లో ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. వాక్యూమ్ చూపించట్లేదని దాని గేజీ విప్పకండి.

టైమైందని కార్యదర్శి గారు చీటీ పంపారు. మూడోది క్లుప్తంగా చెబుతాను. గేజీ పైపు నొక్కినా ఊగడం ఆగకపోతే పీసీవీ వాల్వు, బ్రేక్ బూస్టర్ పైపు, డైవర్టర్ వాల్వులోని రబ్బరు పొర, ఇంటర్‌కూలర్ పైపుల క్లిప్పులు చూడండి. ఒకదాని తర్వాత ఒకటి, ఒకసారికి ఒక్కటే. లీకు కోసం కాగుతున్న టర్బో మీద కార్బ్ క్లీనర్ కొట్టకండి, భగ్గుమంటుంది. ఇంజిన్ చల్లారాక కొంచెం గాలి ఎక్కించి సబ్బు నీళ్ళు రాయండి, బుడగలే చెబుతాయి.

కార్యవర్గానికి ఒక్క విన్నపం. ఈ ఏడాది సంఘం నిధిలోంచి మన ఐటీఐ కుర్రాళ్ళకు ఒక చేతి వాక్యూమ్ పంపు కొనిపెట్టండి. భోజనాలయ్యాక బయట నిలబెట్టిన బండి మీద అంతా చేసి చూపిస్తాను. ప్లయర్లకు చుట్టడానికి ఎవరైనా ఓ పాత గుడ్డ తెచ్చి ఉంచండి.