పాటలో దొరికిన మాటలు

(సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పోయినసారి డి.ఏ. బకాయిల గురించి మాట్లాడి మీ ఓపికను పరీక్షించాను. ఈసారి కార్యదర్శిగారు ‘డి.ఏ. తప్ప ఏదైనా సరే’ అన్నారు. అందుకని ఇంగ్లీషు పాటల గురించి చెబుతాను. నవ్వకండి.

ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళమీద ఇంగ్లీషు రాశాను. ‘విత్ రిఫరెన్స్ టు’ దగ్గర మొదలుపెట్టి ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ దాకా నిద్రలో లేపినా రాయగలను. కానీ అమెరికాలో పుట్టిన మనవడు ఆదివారం వీడియో కాల్‌లో కనబడితే రెండు ముక్కలకే నా ఇంగ్లీషు అయిపోయేది. పెరట్లో కలుపు తీస్తున్నానని చెప్పాలి, కలుపుకి మాట తోచదు. వాడికి తెలుగు కాస్త అర్థమవుతుంది, నోరు తిరగదు. ఫోను మా ఇంటావిడ చేతికిచ్చి నేను పేపరు చాటుకి వెళ్ళిపోయేవాణ్ణి. మెమోకి జవాబు చెప్పుకోగలిగినవాణ్ణి, పదేళ్ళ పిల్లవాడికి చెప్పుకోలేకపోయాను.

ఒక ఆదివారం వాడు ‘తాతయ్యా, ఇది నీ పాట’ అని ఒకటి వినిపించాడు. బీటిల్స్ బృందం 1967లో విడుదల చేసిన ‘వెన్ ఐయామ్ సిక్స్‌టీ ఫోర్’. పాల్ మెకార్ట్నీ ఆ బాణీని కుర్రతనంలోనే కట్టుకున్నాడు. వాళ్ళ నాన్నకి 64 నిండిన 1966లోనే, ఏడాది చివర రికార్డు చేశారు. నేను ముసలివాణ్ణయ్యాక కూడా నీకు కావాలా అని పిల్లని అడగడం అందులో సంగతి.

మొదటిసారి నాకు అంకె తప్ప ఏమీ అందలేదు. మనవడు పాట మాటలు అచ్చులో పంపాడు. పాత డైరీ ఒకటి తీసి, నాకు తెలియనివి రాసుకున్నాను. అన్నీ ఇంటి మాటలే! వీడ్స్ అంటే కలుపు, నిట్ అంటే అల్లడం, నీ అంటే మోకాలు. ఈ చివరి రెంటికీ ముందు ‘కే’ రాస్తారు, పలకరు. స్క్రింప్ అంటే పైసా పైసా కూడబెట్టడం. ఇది మనకి తెలియని పని కాదు, తెలియని మాట, అంతే.

అన్నిటికంటే నన్ను ఆపేసింది ‘డియర్’. వేలసార్లు ‘డియర్ సర్’ అని రాసినవాణ్ణి. ఈ పాటలో వేసవికి వైట్ దీవిలో ఒక కుటీరం అద్దెకి తీసుకుందామంటాడు, మరీ డియర్ కాకపోతే. అక్కడ డియర్ అంటే ఖరీదు! కాసేపు తెల్లబోయాను. తర్వాత మా అమ్మ గుర్తొచ్చింది. ‘బియ్యం ప్రియమైపోయాయి రా’ అనేది. మన ప్రియమూ అంతే కదా, ఉత్తరంలో ఒకటి, బజార్లో ఒకటి.

పాట చివర్లో ఇంకో తమాషా. ప్రేమించిన పిల్లని కార్డు రాయమంటాడు, ఉద్దేశం స్పష్టంగా తెలపమంటాడు, ఫారం పూర్తి చేయమంటాడు. అచ్చం మన ఆఫీసు భాష! ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే మనకి ఆ హాస్యం పట్టినంతగా కుర్రవాళ్ళకి పట్టదు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. మన పెద్దలు అమరకోశాన్ని శ్లోకాలుగా వల్లించారు. అది నిఘంటువే కదా! ఎక్కాలు మనం రాగం తీసే నేర్చుకున్నాం. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంవారు అరవైమంది పెద్దలను మూడు గుంపులు చేసి హంగేరియన్ మాటలు నేర్పి చూశారు. ఒక గుంపు మామూలుగా పలికింది, ఒకటి లయతో పలికింది, ఒకటి పాడింది. పావుగంట తర్వాత పాడినవాళ్ళే ఆ మాటలు మెరుగ్గా అప్పగించారట. 2013లో ప్రకటించారు.

ఒక హెచ్చరిక. మాటలు తీసుకోండి గానీ వ్యాకరణం తీసుకోకండి. అదే బృందం 1965 నాటి ‘టికెట్ టు రైడ్’లో ‘డజంట్’ ఉండాల్సినచోట ‘డోంట్’ అని పాడుతుంది. పాటలో చెల్లింది. మనం డ్రాఫ్టులో రాసుంటే పై అధికారి ఎర్రసిరాతో చుట్టేవాడు.

వారానికి ఒక పాట, అయిదు మాటలు, అంతకు మించి పెట్టుకోను. మొదట కాగితం లేకుండా వింటాను, తర్వాత కాగితం చూస్తూ వింటాను. ఆదివారం ఆ అయిదు మాటలూ మనవడితో వాడాలి. తప్పు పలికితే వాడు దిద్దుతాడు. మొదట్లో సిగ్గేసింది. బదులుగా వాడికి నేను ఒక తెలుగుమాట చెప్పాలని ఒప్పందం. మొదట చెప్పింది ప్రియం. రెండర్థాలూ చెప్పాను.

పోయిన వారం మా ఇంటావిడ ఫోను అడిగితే ‘ఉండవే, ఇంకా అవలేదు’ అన్నాను. నలభై నిమిషాలు అయిందట. వెనక బల్లమీద టమాటాల సంచి చూసి వాడు, ‘తాతయ్యా, అక్కడ టమాటా ప్రియమా?’ అని అడిగాడు. కిలో ఎంతో చెప్పాను. రూపాయల్లో చెప్పానని మళ్ళీ డాలర్ల లెక్క అడిగాడు. అక్కడ మాత్రం ఇద్దరం కాగితం, పెన్సిలు తీసుకోవలసి వచ్చింది.

సెలవు.