బిల్లు శాసనము కాకమునుపు
(వార్షిక మహాసభ మధ్యాహ్న సమావేశమునందు చేసిన ప్రసంగపాఠము)



పార్లమెంటు పరిశీలనకు వచ్చు క్రొత్త బిల్లులను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము ఆజ్ఞాపించిరి. భోజనానంతరము శాసనములను గూర్చిన ప్రసంగము వినుట యెంతటి కష్టమో మేమెఱుగుదుము. అయినను ఈ విషయము మన అన్నమునకు సంబంధించినది కావున తమ యోపికను కోరుచున్నాము.

ఈ సభామందిరము వెలుపలి రాజమార్గమును చూడుడు. ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి విజయవాడ దారిని తూర్పుగా పోయినచో చౌటుప్పలు, కొయ్యలగూడెము, పుట్టపాక, పోచంపల్లి యా వైపుననే యున్నవి. మనలో పెక్కండ్రము ఆ దారినే వచ్చినవారము. మగ్గపుగుంటలోనుండి లేచి వచ్చి దిల్‌సుఖ్‌నగరునందును కొత్తపేటయందును చీరల దుకాణములు పెట్టుకొన్నవారు కలరు. ఉద్యోగములలో కుదిరినవారు కలరు. ఊరిలో ఆసు పోసి పోసి భుజము లరిగిన తల్లులను ఇచ్చటికి తెచ్చుకొన్నవారును కలరు. నిజాము పాలనలో మన పెద్దలు సభ జరుపవలెనన్నచో గస్తీ నిషాన్ 53 ప్రకారము సర్కారు అనుమతి నర్థింపవలసి యుండెను. నేడు మనకు ఆ యాటంకము లేదు. సభ చేసికొనుచున్నాము, తీర్మానములు చేయుచున్నాము, ఫోటోలు తీయించుకొనుచున్నాము. తీర్మానము ఏ దినమున చేరవలయునో ఆ దినమున చేరుచున్నదా యనునదే ప్రశ్న.

ఒక సంగతి విన్నవింతుము. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చినది. పూర్వము చేనేత వస్త్రముపై లేని పన్ను 5 శాతము చొప్పున వచ్చి కూర్చున్నది. నూలుపైనను పన్ను, రంగులపై అంతకంటె హెచ్చు. ఆ మాసములోనే మేము పదునొకండుగురము, దుకాణదారులమును నేతగాండ్రమును, ఒక కార్యాలయమునకు పోయి విన్నపపత్రము నిచ్చితిమి. అచ్చటి యధికారి మర్యాదస్థుడు. మమ్ము కూర్చుండబెట్టి టీ తెప్పించి, “అయ్యా, నేను శాసనమును అమలుపరచువాడను; మార్చువాడను కాను. ఇది బిల్లుగా నున్నప్పుడు తామెచ్చట నుండిరి?” అని యడిగెను. మాలో నొక్కరును బదులు చెప్పలేకపోయితిమి. టీ మాత్రము త్రాగి వచ్చితిమి.

ఆయన యడిగిన కాలము స్వల్పమైనది కాదు. ఆ పన్నుకు మూలమైన 122వ రాజ్యాంగ సవరణ బిల్లు 2014 డిసెంబరులో లోక్‌సభయందు ప్రవేశపెట్టబడినది. 2015 మే నెలలో అచ్చట నెగ్గి రాజ్యసభకు పోయినది. రాజ్యసభవారు దానిని ప్రవరసంఘమునకు పంపిరి; ఆ సంఘము 2015 జూలైలో నివేదిక సమర్పించినది. రాజ్యసభ దానిని ఆమోదించునప్పటికి 2016 ఆగస్టు 3వ తేది యైనది. అనగా ఏడాదిన్నరకు పైగా తలుపు తెరిచియే యుండెను. ఆ కాలమున మన సంఘము చేసిన తీర్మానములను తిరుగవేసి చూచితిమి. కల్యాణమండప నిర్మాణము, వధూవర పరిచయవేదిక, విద్యార్థులకు పుస్తకములు: అన్నియు మంచివే. ఈ బిల్లు పేరు మాత్రము ఒక్క పుటయందును లేదు.

పన్నురేటు ఆ బిల్లులో లేదుగదా, దానిని నిర్ణయించినది పన్నుల మండలిగదా యని న్యాయవాదులైన మిత్రులు ఆక్షేపింపవచ్చును. నిజమే. ఆ మండలిలో మన రాష్ట్ర మంత్రియు కూర్చుండును గనుక అచ్చటను మనకు తలుపు కలదు. 2021 సెప్టెంబరులో లక్నో నగరమున ఆ మండలి వస్త్రములపై పన్నును 12 శాతమునకు పెంచ నిశ్చయించినది. 2022 జనవరి 1 నుండి అది అమలు కావలసియుండెను. ఈ మారు నేతవారును వర్తకులును ముందుగానే గొంతెత్తిరి. మన రాష్ట్రముతోబాటు పలు రాష్ట్రప్రభుత్వములు అడ్డుచెప్పినవి. డిసెంబరు 31వ తేదీన, అనగా ఒక్క రాత్రి మిగిలియుండగా, ఆ పెంపుదల వాయిదాపడినది. 2017లో అడిగినవారమును మనమే, 2021లో అడిగినవారమును మనమే. అడిగిన సమయము మాత్రము వేరు.

శాసనము మనకు అనుకూలమైనప్పుడు సైతము నిద్రపోరాదు. 1985లో పార్లమెంటు చేనేతకు కొన్ని వస్త్రములను ప్రత్యేకించుచు ఒక శాసనము చేసినది. తొలుత 22 రకములను మరమగ్గములపై నేయరాదని కేటాయించిరి. మరమగ్గములవారు న్యాయస్థానమున కెక్కిరి. సర్వోన్నత న్యాయస్థానము 1993లో శాసనము చెల్లునని తీర్పు చెప్పినది. మనము జయించితిమని సంతసించు లోపల ఆ 22 రకములు 11కు తగ్గిపోయినవి. శాసనము పుస్తకములో నట్లే యున్నది. దాని కడుపు సగము ఖాళీయైనది.

ఇక విద్యుత్తు మాట. 2022 ఆగస్టు 8వ తేదీన లోక్‌సభలో ప్రవేశపెట్టిన విద్యుత్ సవరణ బిల్లు స్థాయీసంఘమునకు పోయి, 2024లో ఆ లోక్‌సభతోనే మురిగిపోయినది. 2025 అక్టోబరు 9వ తేదీన కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖవారు క్రొత్త ముసాయిదాను ప్రకటించి, 30 దినములలో అభిప్రాయములు తెలుపుడని కోరిరి. అందలి ముఖ్యాంశములలో నొకటి మనవారి మెడకు చుట్టుకొనునది. ఇంతవరకు పెద్ద వినియోగదారులచే అసలు ఖర్చుకంటె హెచ్చు వసూలుచేసి, ఆ హెచ్చుతో చిన్నవారికి తక్కువ ధరకు విద్యుత్తు నిచ్చుట వాడుక. ఉత్పత్తి పరిశ్రమలు, రైళ్లు మున్నగువానిపై నుండు ఆ యదనపు భారమును ఐదేండ్లలో తొలగింపవలెనని ముసాయిదా ప్రతిపాదించినది. రాష్ట్రప్రభుత్వము రాయితీ నీయదలచినచో ఇచ్చుకొనవచ్చును. కాని 2003 నాటి విద్యుత్ శాసనమునందలి 65వ విభాగము ప్రకారము ఆ సొమ్మును ముందుగా చెల్లింపవలయును.

సిరిసిల్లలో మరమగ్గము నడుపుకొను ఆసామి యీ లెక్కలో నెచ్చట నుండును? అతడు ఉత్పత్తి పరిశ్రమయా? అయినచో కొంత లాభమే కావచ్చును. చిన్న వినియోగదారుడా? అయినచో అతనికి తగ్గించు ధర యే సొమ్మునుండి వచ్చును? మేము ఈ ముసాయిదాను సమూలముగా దూషించుటకు రాలేదు. చదువక దూషించుట మనవారికి సులభమైన విద్య. ఈ రెండు ప్రశ్నలు వ్రాసి పంపుటకు 30 దినములు చాలును. కాని ముసాయిదా సిరిసిల్ల ఆసామికి తెలిసిన భాషలో లేదు. దానిని తెలుగులో చెప్పవలసినవారు ఈ సభలో కూర్చున్న పట్టభద్రులే.

బిల్లు ముసాయిదాను ప్రవేశపెట్టుటకు ముందు కనీసము 30 దినములు ప్రజల యెదుట నుంచవలెనని 2014లో కేంద్రప్రభుత్వమే ఒక విధానము నేర్పరచుకొన్నది. అది విధానమేగాని శాసనము కాదు. ప్రవేశపెట్టిన పిమ్మట బిల్లు సంఘమునకు పోవునన్న నమ్మకమును లేదు. 2009–14 నాటి లోక్‌సభలో నూటికి 71 బిల్లులు సంఘముల పరిశీలనకు పోగా, 2019–24 నాటి లోక్‌సభలో 16 మాత్రమే పోయినవి. 2020లో చేసిన మూడు వ్యవసాయ శాసనములు ఏ సంఘమునకును పోలేదు. వానిని 2021 నవంబరులో రద్దుచేయించుటకు రైతులు ఢిల్లీ పొలిమేరలలో ఏడాది కూర్చుండవలసివచ్చెను. నేతగాడు ఒక వారము మగ్గము దిగినచో ఇంటిలో పొయ్యి వెలుగదు. మనకు ఆ మార్గము లేదు. అందుకే ముందుగా వ్రాయుట మనకు రైతుకంటె నధికావశ్యకము.

సంఘమునకు పోయిన బిల్లు మారదా? మారును. 2025 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టిన ఆదాయపుపన్ను బిల్లును పరిశీలించిన ప్రవరసంఘము 285 సిఫారసులు చేసినది. ప్రభుత్వము ఆ బిల్లును ఆగస్టులో ఉపసంహరించి, సవరించిన బిల్లును మరల తెచ్చినది. కావలసినది గట్టి కేక గాదు, సరియైన వాక్యము. “చేనేతను ఆదుకొనవలెను” అని వ్రాసిన కాగితముతో సంఘమువారు ఏమి చేయగలరు? “ఫలానా ఖండములో ఫలానా మాటల తరువాత ‘చేనేత, మరమగ్గముల కుటీరములును’ అను మాటలు చేర్చవలెను, కారణ మిది, దాని వలన ఇన్ని కుటుంబముల విద్యుత్ బిల్లు ఇంత మారును” అని వ్రాసినచో వారు చర్చింపక తప్పదు.

ఇంకొక మార్గము కలదు. దానిని మనవారిలో బహుకొలదిమంది యెఱుగుదురు. లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లుపై సామాన్యుడు ఆ సభకే అర్జీ పెట్టవచ్చును. ఒక సభ్యుడు దానిపై ప్రతిసంతకము చేయవలెను. అర్జీ తెలుగులో నుండవచ్చును. హిందీలోనో ఆంగ్లములోనో అనువాదము జతపరచి సంతకము చేసిన చాలును. వ్రాతరానివారు వ్రేలిముద్ర వేయవచ్చును. ఇందాక చెప్పిన ఆ తల్లుల వ్రేలిముద్రయు అచ్చట చెల్లును.

ప్రతిసంతకమునకై ఎవరియొద్దకు పోవలెనన్నచో మన పేటల చిత్రమిది: 2024 ఎన్నికల నాటి హద్దుల ప్రకారము మలక్‌పేట హైదరాబాదు లోక్‌సభ స్థానములోనిది, ఎల్.బి.నగర్ మల్కాజిగిరిలోనిది, సరూర్‌నగర్ మహేశ్వరముతో కలిసి చేవెళ్లలోనిది. ఒక్క రాజమార్గము వెంబడి మూడు స్థానములు! ఒకరు ఊరిలో లేకున్నను మరియొకరు దొరకుదురు. ఏ పక్షమువారైనను మనకు భేదము లేదు, కావలసినది సంతకము.

కావున కార్యవర్గమునకు మా మనవి యిది. బిల్లులు చదువుటకు ఐదుగురితో నొక చిన్న ఉపసంఘము నేర్పరుపుడు. అందొకరు న్యాయవాది, ఒకరు లెక్కలవారు, ఒకరు నేడును మగ్గముపై కూర్చుండువారు, ఇద్దరు స్త్రీలు ఉండవలయును. పార్లమెంటు సమావేశములకు ముందు వచ్చు బిల్లుల జాబితాను వారు చూచి, మన వృత్తికి తగులు వానిని ఒక్కొక్క పుటలో తెలుగున వ్రాసి సిరిసిల్లకును పోచంపల్లికిని పంపవలయును. తపాలా, అచ్చు ఖర్చులకు తొలి సంవత్సరము సొమ్ము నిచ్చుటకు ఇచ్చటి వస్త్రవర్తకులు కొందఱు సమ్మతించిరి. పేర్లు ప్రకటింపవలదని వారి కోరిక.

ద్వారము నొద్ద బల్లపై ఒక పుస్తకముంచితిమి. ఆంగ్లమునుండి తెనుగు చేయగలవారు పేరు, ఊరు, తీరికయుండు వేళ వ్రాసి పోవలసినదిగా కోరుచున్నాము. ఉదయమునుండి అందు ఏడు పేర్లు చేరినవి. సాయంకాలపు సమావేశము నాలుగు గంటలకు. అప్పటివరకు పుస్తకము అచ్చటనే యుండును.