అయస్కాంతంలో రాగి ఎందుకు?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

పాత జ్ఞాపకాలన్నీ ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. పొద్దున్న మా సైన్సు మాస్టారు "నువ్వు చేసే పనేమిట్రా?" అని అడిగారు. దానికే జవాబు చెబుతాను. అయస్కాంతాలు చేస్తాను మాస్టారూ.

మన కొండల్లో ఉండే ఖోండలైట్ రాయికి ఆ పేరు కోందుల నుంచే వచ్చింది. ఇలాంటి తూర్పు కనుమల రాళ్లు యుగాల తరబడి అరిగి, గెడ్డల వెంట కొట్టుకుపోయి, భీమిలి లాంటి చోట్ల సముద్రపు ఒడ్డున బరువైన ఇసుకగా పేరుకున్నాయి. అందులోని మోనజైట్ అనే ఖనిజంలో సమేరియం ఉంటుంది. అది విరళ మృత్తిక లోహాల్లో ఒకటి.

ఒక సమేరియం పరమాణువుకు ఐదు కోబాల్ట్ పరమాణువులు చేరితే గట్టి అయస్కాంతం తయారవుతుంది. రెండుకు పదిహేడు చేరితే బలం ఇంకా పెరుగుతుంది, కానీ పట్టు ఉండదు. థింసాలో అమ్మలక్కలు ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఒకే అడుగు వేస్తారు కదా, ఒకచోట అడుగు తప్పితే ఆ తప్పు వరుసంతా పాకుతుంది. అయస్కాంతంలోనూ ఒక మూల దిశ తిరగబడితే అలాగే పాకుతుంది. దాన్ని ఆపడానికి గట్లు కావాలి.

ఆ గట్ల కోసమే రాగి, ఇనుము, జిర్కోనియం కలుపుతాం. 2:17 ప్రావస్థ చిన్న చిన్న మడుల్లా ఏర్పడుతుంది. ఒక్కో మడి వెడల్పు వెంట్రుక మందంలో వెయ్యో వంతు. చుట్టూ గట్టుగా 1:5 ప్రావస్థ నిలుస్తుంది. విడిగా ఉంటే ఈ 1:5 తక్కువ వేడి దగ్గర స్థిరమైనది కాదు, విడిపోవాలని చూస్తుంది. రాగి అందులో చేరి దాన్ని నిలబెడుతుంది. ఇనుము మడిలో చేరి బలం పెంచుతుంది, మోతాదు మించితే ఈ అమరికే చెడుతుంది. జిర్కోనియం పలచని పలకలై రాగి కదలడానికి దారులిస్తుంది.

అయితే రాగి దానంతట అది గట్టుకు చేరదు. సుమారు 1200 డిగ్రీల దగ్గర పొడిని దిమ్మ కట్టించి, గబుక్కున చల్లార్చి, మళ్లీ 830 దగ్గర గంటల తరబడి ఉంచి, అక్కణ్నుంచి 400 దాకా నిమిషానికి ఒక డిగ్రీ కన్నా తక్కువ చొప్పున దించాలి. పట్టు వచ్చేది ఈ చివరి దశలోనే.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. పరిశోధన విద్యార్థిగా విశాఖలో ఉన్నప్పుడు ఇటుకల పండుగకి ఇంటికి రావాలి. అర్ధరాత్రి కొలిమి దించడం మొదలుపెట్టాను. తెల్లవారుజామున ఐదున్నరకి ఇంకా 600 దగ్గరే ఉంది. కిరండోల్ పాసింజరు తప్పిపోతుందని స్విచ్చి ఆపేసి పరుగెత్తాను. ఆ ఏడాది మాకు దొరికిన సమేరియంలో సగం ఆ కొలిమిలోనే ఉంది. తిరిగొచ్చి కొలిస్తే ముక్కలకు పట్టు లేదు. గైడుగారు తిట్టలేదు. "పండగని చెబితే నేను కూర్చునేవాణ్ణి కదయ్యా" అన్నారు. తిడితే బాగుండుననిపించింది. తరవాత అవే ముక్కల్ని మళ్లీ 830కి తీసుకెళ్లి, ఈసారి కొలిమి పక్కనే కూర్చుని దించాను. పట్టు వచ్చింది. ఒక్క ముక్కను మాత్రం అలాగే ఉంచుకున్నాను.

ఇంకో తమాషా చెప్పాలి. ఒక సమేరియానికి పన్నెండు ఇనుములు, కాగితం మీద అద్భుతం. దిమ్మగా చేస్తే నిలవదు. టైటానియం కలిపితే నిలుస్తుంది గాని బలం కొంత తగ్గుతుంది. మన కాఫీ మొక్కకు సిల్వర్ ఓక్ నీడ లాంటిదే అది, కొంత ఎండ తినేస్తుంది.

ఈ అయస్కాంతాలు 300 డిగ్రీల వేడిలోనూ పనిచేస్తాయి కనుక క్షిపణులకు, ఉపగ్రహాలకు కావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా సమేరియంతో సహా ఏడు లోహాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. అంతకు ముందే, 2023 మే 11న, విశాఖలో ఐఆర్ఈఎల్ సంస్థ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. సాంకేతికత బార్క్, హైదరాబాదులోని డీఎంఆర్ఎల్‌లది. సామర్థ్యం ఏడాదికి 3000 కిలోలు. అవసరం ముందు ఇది చిన్నదేనని నా అభిప్రాయం. పిల్లలూ, ఆ పని చేయడానికి మనుషులు కావాలి.

రెండు ముక్కలు తెచ్చాను, ఆ రాత్రి పాడైంది ఒకటి, బాగుపడింది ఒకటి. చూడ్డానికి తేడా ఏమీ తెలియదు. భోజనాలయ్యాక సైన్సు గదికి రండి. గాజులాగా పెళుసు, కింద పడేయకండి. ఫోన్లు బయట పెట్టి రండి.