డ్రమ్ము ధర అడిగే ముందు అడగాల్సింది

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక పొదుపు సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



పోయిన కార్యవర్గ సమావేశంలో మాకు ఒక పని అప్పజెప్పారు. ఫినాయిల్, గిన్నెలు తోమే లిక్విడ్, హ్యాండ్ వాష్ చేసే సంఘాలన్నీ కలిసి ముడిసరుకు ఒక్కసారే పెద్ద మొత్తంలో కొనాలని, దానికి వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి తీసుకోవాలని ప్రతిపాదన వచ్చింది కదా. తీసుకోవాలా వద్దా, తీసుకుంటే ఎట్లాంటిది, చూసి చెప్పండి అన్నారు. మేము చూశాం, అమ్మేవాళ్లను అడిగాం, వాడేవాళ్లను అడిగాం. డబ్బాల మీద కూడా ప్రసంగమా అని వెనక ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి, పర్వాలేదు. కానీ చివరిదాకా వినండి, ఇందులో మీ ఇంట్లో తాగే నీళ్ల సంగతి కూడా ఉంది.

మనకు గిరాకీ లేక కాదు ఈ చర్చ. అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వచ్చిన పిల్లల హాస్టళ్లు గల్లీకి ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. చిక్కడపల్లిలో మెస్సులు, టిఫిన్ సెంటర్లు, నారాయణగూడలో దవాఖానాలు, స్కూళ్లు. అందరికీ బాత్రూంలు కడగాలి, గిన్నెలు తోమాలి. ఇప్పుడు ఒక్కో సంఘం విడివిడిగా బేగంబజార్ పోయి చిన్న క్యాన్లు తెచ్చుకుంటోంది. ఆటో కిరాయికే సగం లాభం పోతోంది. కలిసి కొందాం అన్న ఆలోచన మంచిదే. దాన్ని మేము కాదనడం లేదు.

ఇక ట్యాంకు. మీలో చాలామంది చూసే ఉంటారు, తెల్లటి చదరపు ప్లాస్టిక్ డబ్బా, చుట్టూ ఇనుప పైపుల పంజరం, కింద పలక. కంపెనీల్లో దాన్ని ఐబీసీ అంటారు. వెయ్యి లీటర్లు పడుతుంది. పొడవు 1200 మిల్లీమీటర్లు, వెడల్పు 1000, అంటే మన ఇంట్లో చిన్న మంచమంత జాగా కూడా పట్టదు. పైన పెద్ద మూత, కింద రెండంగుళాల వాల్వు. నాలుగైదు డ్రమ్ములు పెట్టే చోట ఇది ఒక్కటి సరిపోతుంది, కింద నుంచి నల్లా తిప్పినట్టు తిప్పితే సరుకు వస్తుంది. ఎంత సరుకో అర్థం కావాలంటే ఇట్లా చూడండి: 2021 జనవరిలో మొదలైన పథకం కింద ఇంటికి నెలకు 20,000 లీటర్ల నల్లా నీళ్లు ఉచితం అన్నారు కదా, అవి ఇట్లాంటి ట్యాంకులు ఇరవై.

మంచి వస్తువే. కానీ ఎవరికి మంచిది? ఫోర్క్‌లిఫ్ట్ బండి ఉన్నవాళ్లకు. లీటరు నీళ్లు కిలో బరువు. నిండిన ట్యాంకు వెయ్యి కిలోలు, ఖాళీ ట్యాంకు బరువు ఇంకో అరవై కిలోల దాకా. మనం అనుకున్న గది మొదటి అంతస్తులో ఉంది. ఇళ్ల స్లాబు మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్క పెట్టి వేస్తారు. ఈ ట్యాంకు అదే మీటరు మీద దాదాపు 900 కిలోలు మోపుతుంది. కింద ఇంట్లో మనుషులు ఉంటారు. ఈ ఒక్క లెక్కతోనే మొదటి అంతస్తు మాట అయిపోయింది.

సరే, కింద పెడదాం అంటారా. మన గల్లీల్లోకి టాటా ఏస్ వస్తే గొప్ప. చోటా హాథీ అంటాం కదా, అది మోసేది ముప్పావు టన్ను దాకా. నిండు ట్యాంకు దానికి ఎక్కువ. సగం నింపి తెద్దాం అంటే లోపల సరుకు అటూ ఇటూ కొడుతుంది, మలుపులో బండే ఒరుగుతుంది. బిందె సగం నింపి నెత్తిన పెట్టుకుని నడిచిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. మన సరుకంతా నిలవ ఉండేది కాదు. బ్లీచింగ్ లిక్విడ్, అంటే సోడియం హైపోక్లోరైట్, ఎండకూ వేడికీ బలం తగ్గిపోతుంది. ఏప్రిల్ నెలలో వెయ్యి లీటర్లు తెచ్చిపెడితే జూన్ నాటికి అమ్మేది చాలావరకు ఉప్పు నీళ్లే. గిన్నెల లిక్విడ్ కూడా నీళ్లతో చేసిందే, ఎక్కువ రోజులుంటే వాసన వస్తుంది. చౌకగా వచ్చిందని కొన్నది అమ్ముడుపోక ఆగితే అది పొదుపు డబ్బు ఆగినట్టే. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు.

ఏ సరుకు ఎందులో పెట్టాలన్నది ఇప్పుడు చెబుతాం. ఇది కొత్త విద్య ఏం కాదు. పులుసు కళాయి లేని ఇత్తడి గిన్నెలో ఉంచితే కిలుం పడుతుందని మన అమ్మమ్మలకు తెలుసు. ఆవకాయకు జాడీనే వాడేవాళ్లు. మన సరుకుకూ అదే లెక్క. లిక్విడ్ తయారీలో వాడే యాసిడ్ స్లర్రీ ఇనుమును తినేస్తుంది, అందుకే అది ప్లాస్టిక్ డ్రమ్ములో వస్తుంది, అందులోనే ఉండాలి. కాస్టిక్ అల్యూమినియంను తినేస్తుంది, పైగా మంటకు అంటుకునే గ్యాస్ పుడుతుంది. పాత అల్యూమినియం తపేలాతో కాస్టిక్ తోడటం మానేయాలి. కాస్టిక్ కలిపేటప్పుడు నీళ్లలో కాస్టిక్ కొద్దికొద్దిగా వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. అది ఒక్కసారిగా కాగుతుంది, పల్చటి బకెట్టు మెత్తబడిపోతుంది, మొహం మీదికి చిందుతుంది. బ్లీచింగ్ లిక్విడ్‌కు వెలుతురు దూరని మందపాటి ప్లాస్టిక్ క్యాన్ కావాలి. అది ఊరికే ఉన్నా కొంచెం కొంచెం గ్యాస్ వదులుతుంది కనుక మూతకు గాలి పోయే సన్నటి దారి ఉన్నదే తీసుకోవాలి, అంచు దాకా నింపకూడదు. గట్టిగా బిగించిన క్యాన్ ఉబ్బడం మీలో కొందరు చూసే ఉంటారు.

బాత్రూం యాసిడ్‌కు వాడిన గరాటు బ్లీచింగ్‌కు వాడొద్దు. క్యాన్ కూడా మార్చి వాడొద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. మూసిన గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. కడిగాం కదా అనొద్దు. ఒక్కో సరుకుకు ఒక్కో రంగు క్యాన్, దాని గరాటు దానికే కట్టి ఉంచడం, ఇదొక్కటే మాకు తోచిన దారి.

బరువు కూడా అన్ని సరుకులకూ ఒకటి కాదు. చిక్కటి కాస్టిక్ లై లీటరు దాదాపు కిలోన్నర తూగుతుంది. నీళ్ల లెక్కన 35 లీటర్ల క్యాన్ ఇద్దరు ఆడవాళ్లు ఎత్తగలిగితే, అదే క్యాన్‌లో లై పోస్తే యాభై కిలోలు దాటుతుంది. ఎత్తేది మనమే కదా, నడుము కూడా మనదే.

ఇప్పుడు అసలు సంగతి. ఒక వ్యాపారి మనకు ఆ ట్యాంకు, దాంతోపాటు కొన్ని నీలం డ్రమ్ములు, కొత్తవాటి ధరలో సగం కన్నా తక్కువకు ఇస్తానన్నాడు. సెకండ్ హ్యాండువి. ఇంతకుముందు ఇందులో ఏముండేది అని అడిగాం. "ఏదో కంపెనీది అమ్మా, కడిగి ఇస్తాం" అన్నాడు. ఏ కంపెనీ అంటే చెప్పలేదు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నాయి! వాటికి రోజూ డ్రమ్ములు వస్తాయి, ఖాళీ అవుతాయి. ఖాళీ అయినవి ఎటు పోవాలో చట్టం ఉంది. 2016లో వచ్చిన ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం విషపు రసాయనాలు అంటుకున్న ఖాళీ డ్రమ్ము కూడా ప్రమాదకర వ్యర్థమే. అనుమతి ఉన్నవాళ్లే దాన్ని శుద్ధి చేయాలి. మన గల్లీలో తోపుడు బండి మీద వచ్చే డ్రమ్ముకు ఆ కాగితం ఎవరి దగ్గరా ఉండదు.

సర్ఫుతో, చింతపండుతో రుద్ది రెండు రోజులు ఎండబెడితే పోదా అని మా సంఘంలోనే అడిగారు. పోదు. ప్లాస్టిక్ గాజు లాంటిది కాదు. పసుపు కలిపిన కూర ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చూడండి, ఎంత తోమినా రంగు ఉంటుంది. పసుపు రంగు కనిపిస్తుంది కనుక మనకు తెలుస్తోంది. కొన్ని రసాయనాలు అట్లాగే లోపలికి ఇంకి, తర్వాత పోసిన దాంట్లోకి మెల్లగా దిగుతాయి. వాటికి రంగూ ఉండదు, కొన్నిటికి వాసనా ఉండదు.

2013 జూలై 16న బీహార్‌లో సారణ్ జిల్లాలోని ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో 23 మంది చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని పరీక్షలో తేలింది. పత్తి వేసే ఊళ్ల నుంచి వచ్చిన అక్కలకు ఆ మందు పేరు కొత్త కాదు. అంతకుముందు పురుగుమందు ఉంచిన డబ్బాలో నూనె పోశారని విచారణ చేసిన అధికారులు చెప్పారు. డబ్బానే కదా అనుకున్నారు. మనలో బడుల్లో వంట చేసే అక్కలు ఉన్నారు, పచ్చళ్లు పెట్టే సంఘం ఉంది. వాళ్లు నూనె డబ్బాల విషయంలో ఇది గుర్తు పెట్టుకోవాలి. ఒకసారి వాడిన నూనె రేకు డబ్బాలో మళ్లీ నూనె ప్యాక్ చేసి అమ్మడాన్ని ఆహార భద్రత నియమాలు కూడా ఒప్పుకోవు.

పాత డ్రమ్ములో ఫినాయిల్ పోస్తే ఏమవుతుంది, తాగం కదా అంటారేమో. ఒకటి, లోపల మిగిలింది మన సరుకుతో కలిసి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. రెండు, ఏ డ్రమ్మూ మనింట్లో ఒకే పనికి ఉండదు. ఎండాకాలంలో నల్లా రెండు రోజులు రాకపోతే అదే డ్రమ్ము ట్యాంకర్ దగ్గర వరసలో నిలబడుతుంది. మన బస్తీల్లో నీళ్లు పట్టే నీలం డ్రమ్ములు ఎన్ని ఇట్లా వచ్చినవో ఒకసారి తల తిప్పి చూసుకోండి. నీళ్లు పరీక్ష చేయిద్దాం అనుకున్నా, నారాయణగూడలో ఐపీఎం మన పక్కనే ఉంది, కానీ మామూలు నీటి పరీక్షలో సూక్ష్మక్రిములు, లవణాలు చూస్తారు. డ్రమ్ములో ఏ రసాయనం ఉండేదో మనకే తెలియకపోతే దేని కోసం వెతకాలో వాళ్లకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

కొత్తదో పాతదో పోల్చుకోవడానికి గుర్తులు ఉంటాయి, చదువు రాకపోయినా చూడొచ్చు. డ్రమ్ము అడుగునో పక్కనో గడియారం లాంటి గుండ్రటి ముద్ర ఉంటుంది. మధ్యలో సంవత్సరం, బాణం చూపించే అంకె నెల. అది తయారైన తేదీ. త్రికోణంలో 2 అంకె ఉంటే హెచ్‌డీపీఈ, మన పనికి వచ్చే గట్టి ప్లాస్టిక్. ఆహారానికైతే గ్లాసు, ఫోర్కు బొమ్మ ఉందో లేదో చూడాలి. యు, ఎన్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంలో ఉంటే అది ప్రమాదకర సరుకు మోయడానికి పరీక్షించిన డ్రమ్మని. అట్లాంటి ప్లాస్టిక్ డ్రమ్మును ఆ పనికి తయారైన నాటి నుంచి ఐదేళ్లే వాడాలి, పెద్ద ట్యాంకునైతే రెండున్నర ఏళ్లకోసారి తనిఖీ కూడా చేయించాలి. వ్యాపారి చూపించిన ట్యాంకు మీద ముద్ర ఉన్న చోట గీకేసి ఉంది. లేబుల్ చింపేసి జిగురు మరక మిగిలింది. మాకు అది చాలు.

అందుకని మా సంఘం అభిప్రాయం ఇది. ట్యాంకు వద్దు. సమాఖ్య డబ్బుతో కొత్త 200 లీటర్ల డ్రమ్ములు కొందాం. కలపడానికి మూత మొత్తం తెరుచుకునేవి, నిలవకు పైన రెండు చిన్న బిరడాలు ఉన్నవి. ఒక డ్రమ్ము ట్రాలీ, ఒక చేతి పంపు. ఆ రెండూ లేకుండా డ్రమ్ములు కొనడం దండగ, ఎవరో ఒకరు వంచబోయి కాలి మీద వేసుకుంటారు. గ్రౌండ్ ఫ్లోర్‌లోనే గది తీసుకోవాలి, కానీ అశోక్ నగర్ నాలా పక్కన వద్దు. 2020 అక్టోబరు వానలు మరిచిపోలేదు. ఎక్కడ తీసుకున్నా అరుగు కట్టి దాని మీద పెట్టాలి. సగం ఖాళీ డ్రమ్ము నీళ్లొస్తే తేలుతుంది, ఒరిగితే లోపలిది గల్లీ అంతా పారుతుంది.

హాస్టళ్లకు ఐదు లీటర్ల క్యాన్లలోనే ఇద్దాం, ఖాళీ క్యాన్ వెనక్కి ఇచ్చేదాకా డిపాజిట్ పెట్టుకుందాం. బిస్లరీ, థమ్సప్ సీసాల్లో ఫినాయిల్, యాసిడ్ పోసి అమ్మడం ఏ సంఘమూ చేయకూడదని తీర్మానం రాయమని అధ్యక్షురాలు గారిని కోరుతున్నాం. సీసా ఖర్చు మిగులుతుంది, నిజమే. దాహమేసి వచ్చిన పిల్లవాడు సీసా ఆకారం చూస్తాడు గాని లేబుల్ చదవడు.

కొత్త డ్రమ్ము కొనే స్తోమత లేకనే కదా పాతది కొనేది అని ఒక అక్క అంది. ఆ మాట న్యాయమే. కాబట్టి నీళ్ల డ్రమ్ములు సమాఖ్య టోకున కొని, సభ్యులకు నెలనెలా పొదుపుతో పాటు కట్టేలా ఇవ్వాలి. దీనికి బ్యాంకు లింకేజీ దాకా పోనక్కర్లేదు, సంఘాల్లో తిరిగే అంతర్గత అప్పు సరిపోతుంది. వడ్డీ వద్దని మా మాట. కార్యవర్గం ఏమంటుందో చూడాలి.

మెయిన్ రోడ్డు మీద షెడ్డు దొరికి, బండి లోపలిదాకా వచ్చి, ఒకే సరుకు నెలకు వెయ్యి లీటర్లు ఖర్చయ్యే రోజు వస్తే అప్పుడు ట్యాంకు మాట మళ్లీ తీద్దాం. అది కూడా కొత్తదే, బిల్లుతోనే.

ఇళ్లల్లో నీళ్లకు సెకండ్ హ్యాండ్ డ్రమ్ములు వాడుతున్నవాళ్లు బయటికి పోయేటప్పుడు మీ ఆర్పీ అక్క దగ్గర పేరు రాయించండి. శనివారం నుంచి మేము ఇద్దరిద్దరం వచ్చి ముద్రలు చూస్తాం. ఏముండేదో తెలియని దాన్ని పాతసామాను వాళ్లకు అట్లాగే అమ్మొద్దు, ఇంకొకరి ఇంట్లోకి నీళ్ల డ్రమ్ముగా పోతుంది. అడుగున చిల్లు పెట్టి పక్కన ఉంచండి. వాటన్నిటినీ ఎక్కడ అప్పజెప్పాలో జీహెచ్ఎంసీ వాళ్లను అడిగి చెబుతాం.