తీర్పు కాదు, వినికిడి కావాలి



పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల్లో రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన భర్త ఒకే గది ఇంట్లో పగలు నిద్రపోతాడు. భార్య పిల్లల అల్లరి అణచుతూ రోజు గడుపుతుంది. మాట్లాడుకునే సమయం చిక్కితే వచ్చేది అద్దె, అప్పుల ప్రసక్తే. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు మరణించారు. షిఫ్టుకు బయలుదేరే మనిషి వెనుక ఇంట్లో మిగిలే భయం కోపంగానో మౌనంగానో బయటపడుతుంది.

దంపతుల మధ్య చీలిక వస్తుందన్న భయం కలిగినపుడే ఇరువైపుల నుంచి మధ్యవర్తులను నియమించమని సూరా అన్నిసా 35వ ఆయత్ ఆదేశిస్తుంది. మనమేమో తలాఖ్, ఖులా మాట వచ్చాకే పెద్దలను పిలుస్తాము. వారు కూడా వినేది తక్కువ, తీర్పు చెప్పేది ఎక్కువ. శిక్షణ పొందిన కౌన్సెలర్ తీర్పు చెప్పరు; ఒకరి మాట రెండవవారి చెవికి చేరేలా చూస్తారు. అయితే భర్త కొట్టే ఇంట్లో ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం ప్రమాదకరం. అక్కడ ముందు కావలసింది రక్షణ, 181 నంబరు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ వైద్యాన్ని హక్కుగా గుర్తించింది, గోప్యతకూ హామీ ఇచ్చింది. టెలి మానస్ 14416 ఉచితమే. కాని భర్త నిద్రిస్తున్న ఆ ఒక్క గదిలో నుంచి స్త్రీ ఎలా మాట్లాడగలదు? రామచంద్రాపురం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలోను, సంగారెడ్డి ప్రభుత్వాసుపత్రిలోను ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మహిళా కౌన్సెలర్ షిఫ్టులకు అనువైన వేళల్లో అందుబాటులో ఉండాలని మేము కోరుతున్నాము. మస్జిద్ కమిటీలను అడుగుతున్నది ఇంకా చిన్నది: వారానికి ఒక పూట, తలుపు మూసుకునే ఒక గది.