రేవులో పడవ దెబ్బతిన్నప్పుడు

పంచాయతీ సభ్యులారా!

తీర గ్రామములలో పడవ ఒక్క యజమాని ఆస్తి మాత్రమే కాదు. సరంగు, కళాసీలు, చేపలమ్ము స్త్రీలు ఎల్లరును దానినే నమ్ముకొని జీవించుచున్నారు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నము చేపల రేవులో, ఒకదాని నొకటి ఆనుకొని కట్టిన మరపడవలకు నిప్పంటుకొని 30కి పైగా దగ్ధమైనవి. వానిలోని డీజిలు, వంటగ్యాసు మంటలను మరింత పెంచినవి.

ఇంతటి ప్రమాదమే రానక్కరలేదు. గాలివానలో మోకు తెగి రెండు పడవలు ఒరసికొన్నను నష్టము కలుగును. అప్పుడు కలహము కంటె ఆధారము ముఖ్యము. ముందుగా నీరు తోడించి, మోకులు బిగింపించి, నష్టము పెరుగకుండ చూడవలెను. మరమ్మతునకు పూర్వమే దెబ్బను, పడవలు నిలిచిన తీరును ఫొటోలు తీయించి, ప్రక్క పడవలవారి వాఙ్మూలము వ్రాయించవలెను. తెగిన మోకును పారవేయరాదు. మత్స్యశాఖకును, బీమా సంస్థకును వెంటనే తెలుపవలెను. నిప్పంటుకొన్నచో పోలీసులకును తెలుపవలెను.

ఇచట ఒక హెచ్చరిక. పెద్దలు ఆనాడే రాజీ కుదిర్చి, తప్పు ఫలానివానిదని కాగితము వ్రాయించుట కద్దు. బీమా గల పడవ విషయమున, సంస్థ సమ్మతి లేని అట్టి ఒప్పుకోలు పరిహారమునకే అడ్డు రావచ్చును. మేలు కోరి చేసిన తీర్పు బాధితుని నోటికాడి కూడు తీయరాదు. కనుక తొలినాడు చూచినది మాత్రమే వ్రాయింపుడు, తీర్పునకు తొందరపడకుడు.

పడవల నడుమ పాత టైర్లు వ్రేలాడదీయింపుడు. రిజిస్ట్రేషను, బీమా పత్రముల గడువులను తుపానుల కాలమునకు ముందే విచారింపుడు. ఆపద వచ్చిననాడు ఆ కాగితములే మత్స్యకారునకు అండ.